తొలి అచ్చు గోడకి

పెడనలో నాంచారమ్మ ఇంటికి దారి అడిగితే ఎవరైనా సరే, "ఆ మరకల గోడ ఇల్లా?" అని ఎదురడిగేవాళ్ళు. ఆవిడ చెవిన పడేట్టు మాత్రం ఎవరూ అనేవారు కారు. పడితే ఏమవుతుందో ఊరందరికీ ఎప్పుడో ఒకప్పుడు అనుభవమే.

నిజానికి అవి మరకలు కావు, అచ్చులు. కలంకారీ అద్దకం చేసే ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా ఏ కొయ్య అచ్చు చెక్కించినా దాని మొదటి ముద్ర గుడ్డ మీద పడకూడదు, నడవ గోడ మీద పడాలి. రెండోదే గుడ్డకి. నాంచారమ్మ అత్తగారి అత్తగారు పెట్టిన పద్ధతట. ఇనపముక్కలూ బెల్లమూ కలిపి నానేసిన నీళ్ళే వాళ్ళ నల్లరంగు. కరక్కాయ నీళ్ళు తాగిన గుడ్డ మీద పడితే ఆ రంగు కాటుకలా తేలుతుంది. ఉత్త గోడ మీద పడితే తుప్పు మరకలాగే మిగులుతుంది. అందుకని పై ఊరి నుంచి వచ్చినవాళ్ళకి ఆ గోడ చూస్తే వాన కారి పాడైందనే అనిపించేది.

నాంచారమ్మకి మతిమరుపు మొదలైన కొత్తల్లో ఎవరూ పట్టించుకోలేదు. పోపులో ఉప్పు రెండుసార్లు వేస్తే ఎవరింట మాత్రం జరగదు అనుకున్నారు. ఒకరోజు గుడ్డలు జాడించడానికి కాలవకి వెళ్ళి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పుడు ప్రభుత్వ సంరక్షణాలయం వాళ్ళు వచ్చి తీసుకుపోయారు. అక్కడ మరచేతులు అన్నం తినిపిస్తాయి, పక్క మారుస్తాయి, తల దువ్వుతాయి. తుంటి అతికింది. మనిషి మాత్రం మాట మానేసింది. తెల్లటి గదిలో తెల్లటి మంచం మీద కూర్చుని, కొడుకొచ్చినా కోడలొచ్చినా గోడకేసి చూస్తూ ఉండేది. ఆ గోడలో చూడ్డానికి ఏమీ లేదు.

కోడలు ప్రవల్లిక బందర్లో ఒక నాడీ పరిశోధనశాలలో పనిచేస్తుంది. పెళ్ళైన కొత్తలో అద్దకం బల్ల దగ్గర నిలబడి అచ్చు వంకరగా వేస్తే, "నీకెందుకే తల్లీ ఈ గోల, వెళ్ళి నీ బుర్రలేవో నువ్వు చూసుకో" అని నాంచారమ్మే ఉద్యోగానికి తరిమింది. చూసుకుంది కూడా. కొన్నేళ్ళ కష్టం మీద ఒక టోపీ తయారుచేసింది. దెబ్బలు తగిలి గతం మరిచినవాళ్ళ కోసం మొదలుపెట్టిన పని అది. మనిషి ఏ వస్తువునైనా ముట్టుకున్నప్పుడో చూసినప్పుడో బుర్రలో ఒక జ్ఞాపకం మెరిస్తే, ఆ టోపీ పసిగట్టి, తెర మీద బుర్ర నుంచి ఆ వస్తువుకి ఒక వెలుగుదారం గీస్తుంది. ఏ గుర్తు దేన్ని పట్టుకుని వేలాడుతోందో కంటికి కనిపిస్తుందన్నమాట. దానికి ఆనవాలు టోపీ అని పేరు పెట్టుకున్నారు.

అత్తగారిని బందరు తీసుకొచ్చి టోపీ పెడితే తెర చీకటిగానే ఉండిపోయింది. ఫొటోలు చూపించారు, పాటలు వినిపించారు. ఒక్క దారమూ లేవలేదు. తోటివాళ్ళు ప్రవల్లిక మొహం చూడలేక పక్కకి తిరిగారు.

ప్రవల్లికది మొండిఘటం. తర్వాతి వారం అత్తగారిని ఓ పూట ఇంటికి తీసుకెళ్ళడానికి అనుమతి దొరికితే, టోపీ కూడా సంచిలో పెట్టుకుని వెళ్ళింది. బండి దిగిన నాంచారమ్మ గుమ్మం దాటి నడవలోకి వచ్చింది. గోడ దగ్గర ఆగింది. చెయ్యి చాపి ఒక చేప ముద్ర మీద వేలు పెట్టింది.

"ఇది మీ మావయ్య చెక్కింది" అంది. నెలల తర్వాత ఆవిడ నోట్లోంచి ఊడిపడిన మొదటి మాట అది. "చేపకి తోక పెద్దదైందంటే వినడు. మొండి మనిషి. వీరాస్వామంటే ఆ తోకే, తోకంటే వీరాస్వామే."

ప్రవల్లిక గబగబా టోపీ తీసి ఆవిడ తలకి పెట్టింది. తెర నిండా దారాలు. చేపకొకటి, నెమలికొకటి, తీగకొకటి, ఎక్కడో మూల సగం చెరిగిన ఏనుగుకొకటి. బుర్రలో ఉండాల్సిన గుర్తులన్నీ గోడ మీద కాపురం పెట్టాయి. బుర్రలో గదులు ఒక్కొక్కటే కూలుతుంటే, ఉన్న సామానంతా ఆవిడ తెలియకుండానే గోడకి చేరవేసుకుంది. ప్రవల్లికకి ఒళ్ళు జలదరించింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకోలేదు.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. ఇంటికి తెచ్చిన మొదటి రెండు మూడు సెలవులకీ ప్రవల్లిక టోపీ పెట్టి చూసింది. ఆ తర్వాతి సెలవుకి తెచ్చినప్పుడు, గోడ దగ్గర నాంచారమ్మ చేపను తడిమి మొగుణ్ణి మామూలుగానే తిట్టింది. పెరట్లోకి వచ్చి కూర్చున్నాక ప్రవల్లిక, "మావయ్య ఉంటే ఈపాటికి కాఫీ అడిగేవారు కదత్తయ్యా" అంది.

"ఏ మావయ్య?" అంది నాంచారమ్మ.

ప్రవల్లిక చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. మొన్నటిదాకా, ఇంటికొచ్చిన పూటల్లో ఆ పెరట్లోనే కూర్చుని ఆవిడ వీరాస్వామి గుణగణాలు ఏకరువు పెట్టేది. పరిశోధనశాలకి వెళ్ళి లెక్కలన్నీ తిరగేస్తే సంగతి తెలిసింది. దారం కంటికి కనిపించాలంటే టోపీ ఆ మెరుపును ఎగదోయాలి. వత్తి ఎగదోస్తే వెలుగు పెరుగుతుంది, నూనె తరుగుతుంది. వెలిగిన ప్రతి దారం బుర్రలో మిగిలిన ఆ కాస్త చెమ్మనూ పీల్చేస్తోంది. ఆ తర్వాత ఆ గుర్తు గోడలోనే ఉంటుంది, మనిషిలో ఉండదు.

టోపీని బీరువాలో పెట్టి తాళం వేసింది. మళ్ళీ తియ్యకూడదనే అనుకుంది. సంరక్షణాలయం ఖర్చులు రాబట్టే సేవారుణ మండలి వాళ్ళు రాకపోయి ఉంటే తీసేదీ కాదు.

వచ్చిన అధికారి పేరు మెహర్ ప్రసాద్. మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విప్పి, ఇచ్చిన మజ్జిగ మొత్తం తాగి, ఆ తర్వాత ఇల్లు తీసుకుంటామని చెప్పాడు.

"మేం ఊరికే ఎత్తుకుపోవడానికి రాలేదమ్మా. మీ అత్తగారిని పువ్వుల్లో పెట్టి చూస్తున్నారా లేదా?"

"చూస్తున్నారండి. కాదనను" అంది ప్రవల్లిక.

"ఆ పువ్వులకి ఖర్చవుతుంది కదండీ. పెద్దాళ్ళందర్నీ చూసుకుంటాం, వాళ్ళ పేరు మీద ఆస్తి ఉంటే అందులోంచి రాబట్టుకుంటాం, లేనివాళ్ళకి ఉచితం. చట్టం అదీ. ఇందులో అన్యాయం ఏవుంది చెప్పండి. పైగా ఆవిడకి ఇల్లే గుర్తులేదని సంరక్షణాలయం వాళ్ళు రాశారు. ఎరగని ఇల్లు ఉంటే ఎంత, పోతే ఎంత?"

ప్రవల్లిక మొగుడు పాండురంగం వెనకాల అద్దకం పాకలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ పాక కూడా ఇంటితో పాటే పోతుంది. పోతే అతను ఎక్కడ అద్దాలి, ఏం తినాలి అన్నది ఒక ఎత్తు. అమ్మ ఇక నోరు విప్పడానికి చోటే ఉండదన్నది ఇంకో ఎత్తు.

లేవబోతూ మెహర్ ప్రసాద్ గోడకేసి చూశాడు. "దీనికేంటండీ, ఏవన్నా జబ్బు చేసిందా? ఇలాంటి ఇంట్లో పెద్దావిడ ఉండేదంటే మా డాక్టరుగారు ఏవంటారో" అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. కానీ ఆ మాట గుండెలో ముల్లులా దిగబడి, పాండురంగం వెనుదిరిగి పాకలోకి వెళ్ళిపోయాడు.

ప్రవల్లిక మనసు మాత్రం ఎరగని ఇల్లు అన్న మాట దగ్గరే ఆగిపోయింది. "ప్రసాద్‌గారూ, గుండెలో యంత్రం పెట్టినవాళ్ళు బాకీ పడితే ఆ యంత్రం పీక్కుపోతారా?" అని అడిగింది.

"అదేం మాటండీ, మేం మనుషులం కామా? కొయ్యకాలు, చెవి మిషను, గుండె యంత్రం, రోగి ఒంటికి అమర్చింది ఏదైనా సరే, ముట్టుకోకూడదని చట్టంలోనే ఉంది."

"అయితే ఈ గోడ ముట్టుకోవడానికి వీల్లేదండి. ఇది మా అత్తయ్య బుర్ర."

మెహర్ ప్రసాద్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. రుజువు చేస్తే వింటామన్నాడు. మండలి తరఫున ఒక డాక్టరు వచ్చి ఇంట్లోనే పరీక్ష చూసేట్టు ఏర్పాటైంది. రుజువు కావాలంటే దారాలు కనిపించాలి. దారాలు కనిపించాలంటే టోపీ పెట్టాలి.

ప్రవల్లిక బీరువా తాళంచెవి చేతిలో పట్టుకుని కూర్చుంది. ఇల్లు నిలబెట్టడానికి అత్తగారిలో మిగిలిందంతా తగలబెట్టాలా? నిలబెట్టకపోతే గోడతో సహా అంతా పోతుంది కదా? టోపీ పెట్టనా వద్దా అని పాండురంగాన్ని అడిగితే "నాకేం తెలుసు వల్లీ, నీకు ఏది మంచిదనిపిస్తే అది" అన్నాడు. మగవాళ్ళు చేతులెత్తేసేటప్పుడు ఎంత ప్రేమగా మాట్లాడతారో అనుకుని, చివరికి అడగాల్సిన మనిషినే అడగాలనుకుంది. సెలవు పూట నాంచారమ్మను గోడ పక్కన పీట మీద కూర్చోబెట్టి, నెమలి మీద చెయ్యి ఆనించి పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. టోపీ పెడితే ఏం పోతుందో, పెట్టకపోతే ఏం పోతుందో.

నాంచారమ్మ నెమలి తల నిమిరింది.

"నా బుర్రలో ఉన్నదాన్ని ఎటూ ఎలకలు కొట్టేస్తున్నాయే అమ్మాయ్" అంది. "వాటికి పెట్టేదేదో నువ్వే వాడుకో. గోడలో ఉన్నది గోడలో ఉంటుందిగా?"

"ఉంటుందత్తయ్యా. కానీ గోడ దగ్గర్నుంచి లేచి పక్కకెళ్ళారంటే మావయ్యే కాదు, నేను కూడా గుర్తుండకపోవచ్చు."

"గుర్తులేకపోతే వచ్చి చెప్పు. నీకు నోరు లేదా?" అంది నాంచారమ్మ. అని, "నాకు మాత్రం ఆ తెల్లగదిలో చావొద్దు. అక్కడ చెయ్యి ఆనించుకోడానికి ఏం లేదు" అంది.

ప్రవల్లిక ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. పరీక్షకి ఒప్పుకుంటున్నట్టు ఆ సాయంత్రమే మండలికి కబురు పెట్టింది.

పరీక్షకి ముందు రెండు రోజులూ ఆమె పరిశోధనశాలలోనే ఉండిపోయింది. టోపీ తక్కువ నూనె తాగేట్టు ఏదైనా చెయ్యగలనేమోనని ఆశ. కొంత చేయగలిగింది, మొత్తం చేయలేకపోయింది. ఆ హడావిడిలో మొగుడికి ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పింది. "పరీక్ష అత్తయ్యకి కాదండీ, ఇంటికే అనుకోండి. అంతా ఇంటి మీదే ఆధారపడి ఉంది."

చదువుకున్నవాళ్ళతో వచ్చే చిక్కే అది. తమకి తెలిసింది ఎదుటివాడికి కూడా తెలిసే ఉంటుందనుకుంటారు.

పరీక్ష రోజు పొద్దున్నే డాక్టరు ఎస్తేరు రాణిగారి బండిలోనే ప్రవల్లిక పెడన వచ్చింది. డాక్టరుగారు పెద్దావిడ, తక్కువ మాట్లాడే మనిషి. వెనక సంరక్షణాలయం బండిలో నాంచారమ్మ, పక్కన మెహర్ ప్రసాద్. బండి సందు మలుపు తిరుగుతుంటేనే ప్రవల్లికకి ఏదో తేడా అనిపించింది. సందు మొగదల నుంచి ముగ్గులున్నాయి. గడపకి పసుపు, గుమ్మానికి మామిడాకులు. గుమ్మంలో పాండురంగం తెల్ల చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, పెళ్ళివారి కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు.

ఆమె లోపల అడుగుపెట్టింది.

నడవ గోడ పాలలా తెల్లగా ఉంది.

"నిన్న మా బాబాయి వాళ్ళందరూ వచ్చి చెయ్యేశారు వల్లీ" అన్నాడు పాండురంగం గర్వంగా. "అధికారులొస్తున్నారంటే సున్నం లేకుండా ఎలా? ఆ రోజు ఆయన గోడకి జబ్బు చేసిందా అన్నాడు గుర్తుందా? ఇప్పుడు అనమను చూద్దాం."

ప్రవల్లిక గోడ మీద చెయ్యి పెడితే సున్నం అంటింది, ఇంకా పచ్చిగానే ఉంది. ఏమన్నా అంటే ఏడుపొస్తుంది, ఏడిస్తే పరీక్ష ఆగిపోతుంది. పాండురంగం ఆమె మొహం చూశాడు, గోడ చూశాడు. ఆమె ఫోన్‌లో అన్న మాట ఇప్పుడు అర్థమైంది. అతని మొహం గోడకన్నా తెల్లగా అయింది.

"మొదలుపెడదామా?" అన్నారు డాక్టరుగారు.

నాంచారమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రవల్లిక టోపీ పెట్టింది. తెర చీకటిగా ఉంది.

"అమ్మా, ఇది ఎవరిల్లు?" అని అడిగారు డాక్టరుగారు.

నాంచారమ్మ తెల్లగోడకేసి చూస్తోంది.

"ఈయనెవరు?" పాండురంగాన్ని చూపించారు. నాంచారమ్మ అతన్ని చూసింది. ఎవరో బస్సులో పక్క సీటు మనిషిని చూసినట్టు చూసి, మొహం తిప్పుకుంది. తెర మీద ఒక్క దారం లేదు. డాక్టరుగారు ఇంకా కొన్ని అడిగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మెహర్ ప్రసాద్‌కి కూడా ఎందుకో సంతోషంగా లేదు, తల వంచుకుని నిలబడ్డాడు.

"నాది తప్పమ్మా" అన్నాడు పాండురంగం. ఎవరితో అంటున్నాడో అతనికే తెలియదు.

ఆ సమయానికి పెరట్లోంచి గాలి వచ్చింది. పాకలో పొద్దున్నే కలిపి పెట్టిన కరక్కాయ నీళ్ళ వాసన. కొత్త గుడ్డకి రంగు పట్టాలంటే ముందు కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి తీయాలి. ఎంత పరీక్ష ఉన్నా పని ఆగదు కాబట్టి పాండురంగం రెండు బకెట్లు కలిపి పెరటి గుమ్మం పక్కనే పెట్టాడు.

నాంచారమ్మ ముక్కుపుటాలు కదిలాయి. ఆవిడ మెల్లిగా లేచింది. గోడ దగ్గరికి వెళ్ళి అరచేయి ఆనించి, వేళ్ళు రుద్ది చూసుకుంది. నిగనిగలాడే తెల్లదనం. ఆవిడ నుదురు ముడిపడింది.

"కరక్కాయ పెట్టలేదేం దీనికి?" అంది.

తెల్లగా కనిపించేదేదైనా ఆవిడకి గుడ్డే. తెల్ల గుడ్డ కనిపిస్తే ఆవిడ చేతులు చేసేది ఒక్కటే పని. ఆ పనికి బుర్రతో అవసరం లేదు, చేతులకే వచ్చు. గుమ్మం దాకా నడిచి, బకెట్లో ఉన్న పాతగుడ్డ ముంచి, కారుతుండగానే తెచ్చి గోడకి పట్టించడం మొదలుపెట్టింది.

"అయ్యో, చీరంతా తడిసిపోతోంది, ఆపండి" అని మెహర్ ప్రసాద్ ముందుకి కదిలాడు.

"ఉండండి" అన్నారు డాక్టరుగారు.

నాంచారమ్మ రుద్దుతోంది. పసుపుపచ్చటి కరక్కాయ నీళ్ళు గోడ మీద ధారలు కట్టాయి. ఏమీ జరగలేదు. తర్వాత, పచ్చి సున్నం కింద ఎక్కడో ఒక బూడిదరంగు నీడ కదిలినట్టైంది. నీడ చిక్కబడింది. పాండురంగం ఒక అడుగు ముందుకి వేశాడు. అద్దకం చేసేవాడు కాబట్టి అతనికే ముందు తెలిసింది. ఏళ్ళ తరబడి గోడ తాగిన ఇనప నీళ్ళు ఒక్క పూత సున్నానికి ఆగేవి కావు, చెమ్మ తగలగానే పైకి ఉబికాయి. పైన కరక్కాయ ఎదురైంది. గుడ్డ మీద ఏం జరుగుతుందో గోడ మీదా అదే జరిగింది.

పెద్ద తోకతో ఒక చేప, కాటుకంత నల్లగా తేలింది.

పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో ఎవరూ ఆ చేపను నల్లగా చూడలేదు. తుప్పు మరకగానే ఎరుగుదురు. దాని పక్కన నెమలి. నెమలి పక్కన తీగ, ఆకు ఆకుకీ ఈనెలతో సహా. సగం చెరిగిందనుకున్న ఏనుగుకి తొండం కూడా వచ్చింది.

"తోక పెద్దదైందంటే వినడు" అంది నాంచారమ్మ.

తెర మీద మొదటి దారం లేచింది.

ఆ తర్వాత ఆవిడని ఆపడం ఎవరి తరమూ కాలేదు. గుడ్డ ముంచడం, రుద్దడం, తేలిన ముద్ర మీద వేలు పెట్టడం, చెప్పడం. ఈ నెమలి తుఫాను ఏడాదిది, ఇల్లంతా నీళ్ళొస్తే అచ్చులు అటక మీద పెట్టుకుని కూర్చున్నాం. ఈ తీగ మా అత్తది, ఆవిడ చేతి పచ్చడి ఇంకెవరికీ రాదు. ఈ ఏనుగు పాండుగాడు పుట్టినప్పుడు చెక్కించింది.

"ఏరా పాండూ, అలా గుడ్లప్పగించి చూడకపోతే ఇంకో బకెట్టు అందుకోరాదా?"

పాండురంగం బకెట్ అందించడానికి వెళ్ళి, బకెట్ మరిచిపోయి, అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తెర నిండా దారాలు. మెహర్ ప్రసాద్ ఆ వెలుగు చూస్తూ నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

ప్రవల్లిక మాత్రం సంతోషపడలేకపోతోంది. వెలిగే ప్రతి దారం ఏం తాగుతోందో ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు. డాక్టరుగారి చెవిలో ఆ ముక్క చెప్పింది. డాక్టరుగారు తెరవైపు ఇంకోసారి కూడా చూడలేదు.

"తీసెయ్యండి. నాకు చాలు" అన్నారు.

ప్రవల్లిక టోపీ లాగేసింది. దారాలు ఆరిపోయాయి. నాంచారమ్మ అదేమీ పట్టనట్టు గోడ రుద్దుతూనే ఉంది, చెబుతూనే ఉంది.

"ఈ గోడ తీసేస్తే ఈవిడకి ఏమవుతుందని మండలి అడుగుతుందండి. ఏం రాయమంటారు?" అన్నాడు మెహర్ ప్రసాద్.

"నన్నడుగుతారేంటండీ? మీరు చూడలేదా?" అన్నారు డాక్టరుగారు. "ఇందాక గోడ లేదు, మనిషీ లేదు. ఇప్పుడు గోడ వచ్చింది, మనిషీ వచ్చింది. ఇంతకన్నా శుభ్రమైన పరీక్ష నా సర్వీసులో చూడలేదు. ఈ ఏర్పాటు ఎవరు ఆలోచించారో గానీ మెచ్చుకోవాలి." ఆవిడ ప్రవల్లికకేసి చూశారు. "ముందు గోడ కప్పేసి చూపించాలన్నది మీ ఆలోచనేనా?"

ప్రవల్లిక నేల మీద కూర్చుని ఉన్న మొగుడికేసి చూసింది. అతని తెల్ల చొక్కా అంతా కరక్కాయ మరకలు.

"మావారిదండి" అంది.

నెల తిరక్కుండానే మండలి తీర్పు వచ్చింది. ఆ ఇల్లు రోగి శరీరంలో భాగమనీ, ఆవిడ ఉన్నంతకాలమూ, ఆ తర్వాతా దానిమీద ఎవరికీ బాకీ హక్కు లేదనీ. ఆవిడ ఇక సంరక్షణాలయంలో ఉండనక్కర్లేదు, సంరక్షణే ఇంటికి వస్తుంది. ఈ కబురు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. మా నాన్నకి పడవ ఉందండీ, మా అమ్మకి కుట్టుమిషనుందండీ అంటూ జనం బందరు బయల్దేరారు. ప్రవల్లిక అందరినీ కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, టోపీ ఇంకా సిద్ధంగా లేదని చెప్పింది. నూనె తాగని టోపీ తయారయ్యేదాకా ఇంకో మనిషి తల మీద పెట్టేది లేదని ఒట్టు పెట్టుకుంది. ఈలోగా వాళ్ళు పడవ దగ్గరో కుట్టుమిషను దగ్గరో మాట్లాడుతుంటే ఊరికే చూడటానికి డాక్టరు ఎస్తేరు రాణిగారు ఒప్పుకున్నారు. చాలావరకు అదే సరిపోయింది.

తీర్పుతో పాటు మండలి ఒక ఇత్తడి రేకు పంపింది. "శరీర భాగం. జప్తు చేయరాదు" అని చెక్కి ఉంది. స్వయంగా మెహర్ ప్రసాదే తెచ్చాడు. గోడకి మేకు కొట్టబోతుంటే నాంచారమ్మ లోపల్నుంచి వచ్చింది.

"ఎవరయ్యా నువ్వు, నా ఒంట్లోకి మేకు దింపుతున్నావ్?"

మెహర్ ప్రసాద్ సుత్తి కింద పెట్టేశాడు. ఆ రేకు ఇప్పటికీ గుమ్మానికి నవారు తాడుతో వేలాడుతోంది.

పోయినవి పోయాయి. నాంచారమ్మ గోడ దగ్గర నుంచి లేచి పెరట్లోకి వస్తే ఎవరూ గుర్తుండరు. కోడలు ఆరోజు భయపడ్డట్టే అయింది. ప్రతి పొద్దుటా కాఫీ తెచ్చిచ్చే ప్రవల్లికను చూసి, "ఎవరమ్మా నువ్వు? ఎవరి తాలూకు?" అని మర్యాదగా అడుగుతుంది. మొదటిరోజు ప్రవల్లిక వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రెండోరోజు, గుర్తులేకపోతే వచ్చి చెప్పమన్న మాట గుర్తొచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని నడవలోకి నడిపించింది. గుమ్మం పక్కన, అందరి చేతికీ అందే ఎత్తులో ఒక మామిడిపిందె ముద్ర ఉంది. దాని మీద ఆవిడ చేత అరచేయి పెట్టించింది.

నాంచారమ్మ మొహంలో ఏదో కదిలింది. పిందెను తడిమింది, తొడిమ దాకా.

"ఇది కోడలుపిల్ల గడపలో అడుగుపెట్టినప్పుడు చెక్కించింది" అంది. తల తిప్పి ప్రవల్లికను పైనుంచి కిందిదాకా చూసి, నవ్వింది. "అక్కడే నిలబడిపోయావేంటే వల్లీ? కుడికాలు పెట్టి లోపలికి రా."

అప్పటి నుంచి ప్రవల్లిక ఆ ఇంటికి రోజూ కొత్తగా కాపురానికి వస్తూనే ఉంది.